క్రీమ్ చార్జర్‌కు మార్కులు వేస్తాం, ఫ్లేవర్ సిలిండర్‌కు వేయం

ఎనిమిది గ్రాముల క్యాప్సూల్ చిటికెన వేలంత ఉంటుంది. నిగనిగలాడే స్టీలు, సన్నటి మెడ, మెడ చివర పలచటి రేకు మూత. కేకులు చేసేవాళ్లు దీన్నే క్రీమ్ చార్జర్ అంటారు. లోపల ఉండేది నైట్రస్ ఆక్సైడ్. స్కూలు పుస్తకంలో నవ్వు పుట్టించే వాయువు అని చదువుకున్నది ఇదే. ఆహారంలో వాడకానికి దాని నంబరు ఇ942. ఈ గ్యాస్‌నే ఇప్పుడు 640 గ్రాముల సిలిండర్లలో నింపి, స్ట్రాబెర్రీ, మామిడి, పుచ్చకాయ అని పేర్లు పెట్టి, రంగురంగుల బొమ్మలు అంటించి విదేశాల్లో అమ్ముతున్నారు. పిల్లలను లండన్‌కో, డాలస్‌కో చదువుకు పంపిన ఇళ్లలో ఈ రెండు వస్తువుల గురించీ తెలిసి ఉండాలి. లోపలి గ్యాస్ ఒకటే అయినా చిన్నదాన్ని వంట కోసం కొంటారు. పెద్దదాన్ని మత్తు కోసం పీల్చడానికి కొంటారని దాని మీది బొమ్మలే చెబుతాయి.

ముందు చిన్నదాని సంగతి. క్రీమ్ పని వరకు ఇది చక్కటి సరుకు. నైట్రస్ ఆక్సైడ్ కొవ్వులో బాగా కరుగుతుంది. క్యాప్సూల్ బిగించి క్రీమ్‌ను నురగ చేసే సీసాను సైఫన్ అంటారు. అందులో పీడనం కింద క్రీమ్‌లో కరిగిన గ్యాస్, నాజిల్ దాటి బయటికి రాగానే ఉబ్బి, క్రీమ్‌ను నురగగా మారుస్తుంది. చేత్తో గిలక్కొడితే క్రీమ్ రెట్టింపు అవుతుంది, సైఫన్‌లో దాదాపు నాలుగింతలు అవుతుంది. గ్యాస్‌కు పులుపు లేదు, కొవ్వును ముక్కిపోనివ్వదు. పక్క అరలో అచ్చం ఇలాగే కనిపించే సోడా క్యాప్సూళ్లు ఉంటాయి, వాటిలో ఉండేది కార్బన్ డయాక్సైడ్, నంబరు ఇ290. పొరపాటున అది బిగిస్తే క్రీమ్ పుల్లబడి విరుగుతుంది. పెట్టె మీద నంబరు చదవకుండా కొనకండి.

అర లీటరు సైఫన్‌కు ఒక క్యాప్సూల్, లీటరుదానికి రెండు. క్రీమ్ ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిందై ఉండాలి, 4 డిగ్రీల దగ్గర. కొవ్వు 30 శాతానికి తగ్గకూడదు. మన కిరాణా కొట్లలో డబ్బాల్లో దొరికే ఫ్రెష్ క్రీమ్ 25 శాతం కొవ్వుది. అది కూరల్లోకి బాగుంటుంది, సైఫన్‌లో పోస్తే నీళ్లలా కారుతుంది. విప్పింగ్ క్రీమ్ అని రాసి ఉన్నదే తీసుకోండి. చక్కెర పలుకులు పలుకులుగా వేయకూడదు, నాజిల్‌లో ఇరుక్కుంటాయి. పొడి చేసి, క్రీమ్‌లో పూర్తిగా కరిగాక జల్లెడ పట్టి పోయాలి. క్యాప్సూల్‌ను తిప్పి బిగిస్తే లోపలి సూది రేకును పొడుస్తుంది, బుస్సుమని చప్పుడొచ్చి ఆగిపోతుంది. ఆ తర్వాత నాలుగైదు సార్లు ఊపితే చాలు. పదిహేనుసార్లు ఊపితే నాజిల్ దగ్గరికి వచ్చేది వెన్న.

అసలు జాగ్రత్త సైఫన్ తల విప్పేటప్పుడు పడాలి. మీట నొక్కి లోపలి పీడనమంతా బయటికి వదిలాకే మూత తిప్పాలి. 2017 జూన్‌లో ఫ్రాన్స్‌లో ఒక సైఫన్ పేలి, ఛాతీకి బలంగా తగిలి ఒక మహిళ చనిపోయారు. ప్లాస్టిక్ తల ఉన్న చవక సైఫన్‌ను మేము ఎవరికీ సిఫారసు చేయం. ఉక్కు తల, లోహపు మరలు ఉన్నదే కొనండి. రబ్బరు వాషరు గట్టిపడినా, పగుళ్లు కనిపించినా మార్చేయండి.

ఇంకో మాట మన ఎండల గురించి. నైట్రస్ ఆక్సైడ్ క్యాప్సూల్ లోపల ద్రవంగా ఉంటుంది, 20 డిగ్రీల దగ్గర అక్కడి పీడనం 50 బార్ల పైమాటే, అంటే మన చుట్టూ ఉన్న గాలి పీడనానికి దాదాపు 50 రెట్లు. 36 డిగ్రీలు దాటితే ఇక అది ద్రవంగా నిలవలేదు, ఆపైన పీడనం చకచకా పెరుగుతుంది. మే నెలలో రామగుండంలోనో, నంద్యాలలోనో ఎండలో ఆపిన కారు డిక్కీ ఎంత కాగుతుందో చెప్పక్కర్లేదు. పెట్టె మీద 50 డిగ్రీల హద్దు రాసి ఉండేది అందుకే. చేసిన కేక్ అందించడానికి వెళ్తూ క్యాప్సూళ్ల పెట్టెను కారులో వదిలేయకండి.

క్రీమ్ పనికి చిన్న క్యాప్సూల్‌కు 10కి 8 మార్కులు. రెండు తగ్గించింది వాడేసిన ఖాళీ స్టీలు గుట్టకు.

ఇక పెద్ద సిలిండర్. లెక్క వేసి చూడండి. 640 గ్రాములంటే 80 క్యాప్సూళ్లు. క్యాప్సూల్‌కు అర లీటరు చొప్పున 40 లీటర్ల క్రీమ్. రోజంతా కిటకిటలాడే కాఫీ హోటలుకు, పీడనం తగ్గించే రెగ్యులేటరు పెట్టుకుంటే, ఈ లెక్క సరిపోవచ్చు. హాస్టల్ గదిలో 40 లీటర్ల క్రీమ్ ఎవరు చేస్తారు? ఫ్లేవర్ సంగతి ఇంకా వింత. క్రీమ్‌కు మామిడి రుచి కావాలంటే గుజ్జు కలుపుతారు, గ్యాస్‌కు రుచి పూయాల్సిన పని ఏ వంటవాడికీ రాదు. ఆ రుచి నోటికి, ఆ బొమ్మలు కుర్రకారుకు. ఆ సిలిండర్‌కు మేము మార్కులే వేయం. 2025 మార్చిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా, ఏ సైజు డబ్బాలోంచైనా నైట్రస్ ఆక్సైడ్ పీల్చవద్దని జనానికి హెచ్చరిక ఇచ్చింది.

చిన్న క్యాప్సూల్‌తో పోలిస్తే పెద్దదానితో ప్రమాదం ఎందుకు పెరిగిందంటే, లెక్క పోయింది. క్యాప్సూళ్లయితే ఖాళీలు నేల మీద కనిపిస్తాయి, ఎన్నయ్యాయో తెలుస్తుంది. సిలిండర్‌లో అలాంటి అడ్డు లేదు. మత్తు రెండు నిమిషాల్లో దిగిపోతుంది కాబట్టి ఒళ్లు బాగానే ఉందనిపించి మళ్లీ మళ్లీ పీలుస్తారు. వారాంతంలో మొదలైంది రోజూ అయిపోతుంది.

అప్పటికప్పుడు జరిగే నష్టం మూడు దారుల్లో వస్తుంది. మనం పీల్చే గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంటుంది, సిలిండర్ గ్యాస్‌లో అసలు ఉండదు. మూసిన కారులో, చిన్న గదిలో, ముఖానికి కవరో మాస్కో తగిలించుకుని పీలిస్తే స్పృహ తప్పిన మనిషి దాన్ని తీసుకోలేడు, మెదడుకు ఆక్సిజన్ అందక ప్రాణం పోతుంది. మొదటిసారి పీల్చినవాళ్లకూ ఇది జరగవచ్చు. రెండోది చలి. ఈ ద్రవం మైనస్ 88 డిగ్రీల దగ్గర మరుగుతుంది. సిలిండర్ మూతి నుంచి నేరుగా వచ్చే గ్యాస్ పెదవులను, నాలుకను, గొంతును నిప్పులా కాలుస్తుంది. గొంతు లోపల వాస్తే ఊపిరి మార్గమే మూసుకుపోతుంది. తొడల మధ్య సిలిండర్ ఇరికించుకుని కూర్చున్నవాళ్లకు లోతొడల మీద చర్మం అతికించాల్సినంత గాయాలు కావడం ఇంగ్లండ్, నెదర్లాండ్స్ కాలిన గాయాల వార్డుల్లో మామూలైంది. మత్తులో నొప్పి తెలియదు కాబట్టి గాయం లోతుగా దిగుతుంది. మూడోది పడిపోవడం, బండి నడపడం. దీనికి వివరణ అక్కర్లేదు.

మనిషి స్పృహ తప్పితే గ్యాస్ ఆపి, తలుపులు తెరిచి, బయటి గాలిలోకి లాగి, పక్కకు ఒత్తిగిల్లబెట్టండి. ఊపిరి ఆడకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టండి. ఇంగ్లండ్‌లో 999, అమెరికాలో 911, మన దగ్గర 108. చలికి కాలిన చోట రుద్దవద్దు, వేడినీళ్లు పోయవద్దు. ఒంటి వేడికి కొంచెం అటూ ఇటుగా ఉన్న గోరువెచ్చని నీళ్లలో ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లండి. గొంతు మారినా, మింగలేకపోయినా ఇంట్లో ఆగవద్దు.

నెమ్మదిగా జరిగే నష్టమే మా దృష్టిలో ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే అది మొదట అలసటలా కనిపిస్తుంది. విటమిన్ బి12 అణువు నడిమధ్యన ఒక కోబాల్ట్ పరమాణువు ఉంటుంది. నైట్రస్ ఆక్సైడ్ ఆ కోబాల్ట్‌ను ఆక్సీకరించి, బి12ను పనికిరానిదిగా చేస్తుంది. దాంతో మెథియోనిన్ సింథేజ్ అనే ఎంజైమ్ ఆగిపోతుంది. నరాల మీద, వెన్నుపాములోని తంతువుల మీద కరెంటు తీగకు ప్లాస్టిక్ తొడుగులా మైలిన్ అనే పొర ఉంటుంది. ఆ పొరను బాగుచేసుకునే సరుకు ఈ ఎంజైమ్ దారిలోనే తయారవుతుంది. ఆపరేషన్ బల్ల మీద ఈ గ్యాస్ ఇచ్చినప్పుడు ముప్పావు గంటలోనే ఆ ఎంజైమ్ సగానికి పడిపోతుంది, కొత్తది తయారై మామూలు స్థాయికి రావడానికి రోజులు పడుతుంది. ఆరోగ్యవంతుడికి ఒక్కసారి అలా జరిగితే శరీరం సర్దుకుంటుంది. రోజూ పీల్చేవాడి శరీరానికి సర్దుకునే వ్యవధి ఎక్కడిది?

ఇది కొత్తగా తెలిసిన విషయమేమీ కాదు. 1956లో డెన్మార్క్ వైద్యులు ధనుర్వాతం రోగులకు ఈ గ్యాస్ రోజుల తరబడి ఇచ్చి, ఎముక మజ్జ దెబ్బతిన్నట్టు రాశారు. 1978లో నరాలు, వెన్నుపాము దెబ్బతిన్న 15 మంది గురించి వైద్య పత్రికలో వచ్చింది. వాళ్లలో దాదాపు అందరూ దంతవైద్యులే. గ్యాస్ రోజూ చేతికి అందుబాటులో ఉన్నవాళ్లు.

లక్షణాలు పాదాల నుంచి మొదలవుతాయి. రెండు కాళ్లలోనూ ఒకేసారి తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు, మేజోళ్లు వేసుకున్నట్టు అనిపించడం. కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియకపోవడం. సింకు దగ్గర కళ్లు మూసుకుని ముఖం కడుక్కుంటుంటే తూలి గోడ పట్టుకోవడం. చీకట్లో మెట్లు దిగలేకపోవడం. మెడ ముందుకు వంచితే వెన్ను వెంట కరెంటు పాకినట్టు జిల్లుమనడం. ఆ తర్వాత వేళ్లలో తిమ్మిరి, చొక్కా గుండీ పెట్టుకోలేకపోవడం, మూత్రం ఆగకపోవడమో రాకపోవడమో, అంగస్తంభన లోపం. కొందరిలో ముందు మనసు మారుతుంది: మరుపు, చిరాకు, ఎవరో వెంటపడుతున్నారనే భ్రమ. ఆ ఎంజైమ్ ఆగిపోతే పేరుకునే హోమోసిస్టీన్ అనే పదార్థం రక్తంలో పెరగడంతో కాలి సిరల్లో గడ్డలు కట్టి, అవి ఊపిరితిత్తులకు చేరిన సందర్భాలున్నాయి. ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా ఆ రోజే చూపించుకోవాలి.

మనవాళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. బి12 మాంసం, చేప, గుడ్డు, పాల నుంచి వస్తుంది. శాకాహారుల్లో, ముఖ్యంగా పాలూ పెరుగూ తక్కువ తీసుకునేవాళ్లలో, నిల్వలు ముందే అడుగంటి ఉంటాయి. విదేశంలో ఒంటరిగా ఉంటూ పచ్చడి, పప్పు పొడి, అన్నంతో నెలలు గడిపే కుర్రాడి సంగతి చూడండి. చక్కెర జబ్బుకు మెట్‌ఫార్మిన్, గ్యాస్ట్రిక్ మంటకు ఒమెప్రజోల్, పాంటాప్రజోల్ ఏళ్లుగా వాడేవాళ్లకూ అంతే. వీళ్లకు పక్కవాడికంటే తక్కువ గ్యాస్‌తోనే, త్వరగా, వెన్నుపాము దెబ్బతినవచ్చు. ఇన్ని వరకు ఫర్వాలేదు అనే హద్దు ఎవరికీ లేదు, వీళ్లకు అసలే లేదు.

అందుకే బి12 మాత్రల గురించి కూడా ఈ సమీక్షలోనే చెప్పాలి. ఈ గ్యాస్‌ను బెలూన్లలో నింపి పీల్చేవాళ్లలో, ముందు ఒక బి12 మాత్ర వేసుకుంటే ఏమీ కాదనే నమ్మకం గట్టిగా ఉంది. మాత్రలోని బి12ను కూడా గ్యాస్ అదే రకంగా పాడు చేస్తుంది. పైగా ఇంకో కీడు కూడా జరుగుతుంది. రక్తపరీక్ష మొత్తం బి12ను కొలుస్తుంది, అందులో పనిచేసేదెంత, పాడైందెంత అన్నది చూపదు. మాత్ర వేసుకున్నవాడి రిపోర్టులో అంకె నిండుగా కనిపిస్తుంది, బి12 మామూలే అని ఇంటికి పంపేస్తారు. గ్యాస్ పీల్చేవాడికి రక్షణ అని అమ్మే ఏ మాత్రకైనా మా మార్కు సున్నా.

ఫోలిక్ యాసిడ్ గురించి కూడా ఒక మాట. రక్తం తక్కువగా ఉందని బి12 ఇవ్వకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే మొదలుపెడితే, రక్తం మెరుగైనట్టు కనిపిస్తూనే నరాల జబ్బు ముదురుతుంది. ముందు బి12, ఆ తర్వాతే ఫోలిక్ యాసిడ్.

డాక్టరు దగ్గరికి వెళ్తే మొదటి వాక్యంలోనే నైట్రస్ ఆక్సైడ్ పీల్చానని చెప్పాలి. అది దాచితే చక్కెర జబ్బు, డిస్క్ జారడం, గిలియన్ బారీ అనే నరాల జబ్బు అంటూ వారాలు గడిచిపోతాయి. చేయించాల్సినవి బి12, హోమోసిస్టీన్, బి12 పనిచేయకపోతే రక్తంలో పెరిగే మిథైల్‌మలోనిక్ యాసిడ్, రక్తకణాల లెక్క. హోమోసిస్టీన్ నమూనాను ఐసులో పెట్టి వెంటనే ల్యాబుకు పంపాలి. బల్ల మీద వదిలేస్తే కణాలలోంచి హోమోసిస్టీన్ బయటికొచ్చి అంకె అబద్ధంగా పెరుగుతుంది. రక్తహీనత లేకపోయినా వెన్నుపాము దెబ్బతిని ఉండవచ్చు. మెడ దగ్గర వెన్నుపాము ఎంఆర్ఐలో వెనక భాగాన, తలకిందులైన ఇంగ్లీషు వి అక్షరంలా తెల్లటి గుర్తు కనిపిస్తే దాదాపు ఖాయం. కనిపించనంత మాత్రాన లేదని కాదు.

రక్తం తీశాక రిపోర్టు కోసం ఆగకుండా ఇంజెక్షన్ మొదలుపెట్టాలి. ఇంగ్లండ్‌లో హైడ్రాక్సోకోబాలమిన్ అనే రకం బి12ను 1 మిల్లీగ్రాము కండరానికి, రోజు విడిచి రోజు ఇస్తారు. మన ఆసుపత్రుల్లో మిథైల్‌కోబాలమిన్ అనే ఇంకో రకం బి12 ఇంజెక్షన్ ఎక్కువగా వాడతారు. ఈ దశలో మాత్రలు చాలవు. గ్యాస్ మానకుండా ఇంజెక్షన్ తీసుకోవడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. కోలుకోవడం వారాల్లో మొదలై నెలల పాటు సాగుతుంది, ఫిజియోథెరపీ తప్పదు. త్వరగా వచ్చినవాళ్లు చాలామంది మామూలుగా నడుస్తారు. ఆలస్యమైతే కొందరికి చేతికర్ర, మూత్రం ఇబ్బంది మిగిలిపోతాయి.

ఇదంతా చదివి ఆసుపత్రిలో ఇచ్చే గ్యాస్‌కు భయపడవద్దు. కాన్పు నొప్పులకు ఇచ్చేది సగం ఆక్సిజన్ కలిపిన మిశ్రమం. పంటి డాక్టరు యంత్రంలో ఆక్సిజన్ 30 శాతానికి తగ్గకుండా ఏర్పాటు ఉంటుంది, పక్కన చూసే మనిషి ఉంటాడు, కాసేపట్లో ఆపేస్తారు. మీకు బి12 తక్కువని ముందే తెలిస్తే మత్తు డాక్టరుకు చెప్పండి, వేరే మందు ఎంచుకుంటారు.

చట్టం విషయానికి వస్తే, బ్రిటన్‌లో 2023 నవంబరు 8 నుంచి ఇది క్లాస్ సి మత్తుపదార్థం, అంటే అక్కడి ఎ, బి, సి తరగతుల్లో చివరిది. పీల్చడానికి దగ్గర ఉంచుకుంటే రెండేళ్ల వరకు, సరఫరా చేస్తే 14 ఏళ్ల వరకు జైలు పడవచ్చు. వంటకు, వైద్యానికి మినహాయింపు ఉంది. స్నేహితుడికి ఒక డబ్బా ఇవ్వడం కూడా సరఫరాయే. నెదర్లాండ్స్ 2023 జనవరి 1 నుంచి నిషేధించింది. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు మత్తుపదార్థాల కేసు ఎంత బరువో విడిగా చెప్పక్కర్లేదు. అయితే ఆసుపత్రిలో నిజం చెప్పడానికి ఈ భయం అడ్డురాకూడదు. డాక్టరుకు చెప్పింది వైద్యం కోసమే.

ఖాళీల సంగతి: చిన్న క్యాప్సూల్ రేకుకు బొక్క పడిందో లేదో చూసి, పూర్తిగా ఖాళీ అయ్యాకే స్టీలు తుక్కులో వేయాలి. పెద్ద సిలిండర్‌ను మామూలు చెత్తడబ్బాలో వేయకూడదు. లోపల మిగిలిన గ్యాస్‌తో చెత్త కాల్చే కొలిమిలో అది బాంబులా పేలుతుంది, యూరప్‌లో అలా యంత్రాలు దెబ్బతిన్నాయి.

పిల్లాడి గదిలో క్రీమ్ లేకుండా క్యాప్సూళ్లో సిలిండరో కనిపిస్తే, కోప్పడే ముందు కాళ్లు చూడండి. కళ్లు మూసుకుని పడుకోమని, బొటనవేలిని రెండు పక్కల నుంచి పట్టుకుని కొద్దిగా పైకో కిందికో కదిలించి, ఎటు కదిలిందో అడగండి. పైన, కింద పట్టుకోకూడదు, ఒత్తిడిని బట్టి చెప్పేస్తారు. ఐదారుసార్లు అడిగితే మామూలు మనిషి ఒక్కటీ తప్పు చెప్పడు. తర్వాత పాదాలు కలిపి నిలబెట్టి, కళ్లు మూసుకోమనండి, పక్కనే చేతులు చాపి ఉండండి. వేలు ఎటు కదిలిందో చెప్పలేకపోయినా, కళ్లు మూయగానే తూలినా, తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే నరాల డాక్టరున్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. వెళ్లేటప్పుడు ఆ ఖాళీ సిలిండర్‌ను ఫోనులో ఫొటో తీసుకుని వెళ్లండి. బి12 మాత్రలు వేసుకుంటుంటే ఆ సీసా కూడా.